ప్రమేయమునకు పీట వేసిన పంతులు – క్రిస్టఫర్ స్ట్రేచీ

కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ 13వ శతాబ్దియందు బయ్యారమున చెరువు త్రవ్వించెను. ఆ సంగతి తెలుపు శాసనము కాకతీయుల వంశక్రమమును వెన్న నృపుడు మొదలుకొని చెప్పుటచే చరిత్రకారులకు పెన్నిధియైనది. నేడు మహబూబాబాదు జిల్లాలోనున్న ఆ చెరువును గూర్చి ముచ్చటించువారెవ్వరును మైలాంబ చెరువు త్రవ్వెనని అనరు, త్రవ్వించెననియే అందురు. పలుగు పారలు పట్టినవారు వేరు, పట్టించినవారు వేరు. తెలుగుభాష ఈ భేదమును ఒక చిన్న ప్రత్యయముతో తీర్చివేసినది.

ఆ ప్రత్యయము చేయు పనిని కొంచెము నిదానించి చూడవలెను. త్రవ్వు అను క్రియను పుచ్చుకొని అది త్రవ్వించు అను మరియొక క్రియను ఇచ్చుచున్నది. వ్రాయు అనుదానిని అందించిన వ్రాయించు వచ్చును. చదువు అనుదానిని అందించిన చదివించు వచ్చును. దాని చేతికి అందునది వస్తువు కాదు, పని. అది తిరిగి యిచ్చునదియు పనియే. ఉన్నత పాఠశాలలో ప్రేరణార్థకమని నేర్పు ఈ ‘ఇంచు’ నందు, కంప్యూటరు శాస్త్రజ్ఞులు హయ్యర్ ఆర్డర్ ఫంక్షన్ అని పిలుచు భావము బీజరూపమున ఉన్నది. మన గణిత గ్రంథముల పరిభాషలో దానిని ఉన్నతక్రమ ప్రమేయము అనవచ్చును. ఒక ప్రమేయమునకు మరియొక ప్రమేయమునే ఆహారముగా ఇచ్చుట, లేదా ప్రమేయమునే ఫలముగా పొందుట దాని లక్షణము. యంత్రములకు మనుష్యులు ఆదేశములు వ్రాయు భాషలలో ఈ భావమునకు గౌరవస్థానము కల్పింపవలెనని పట్టుపట్టినవారిలో ముఖ్యుడు క్రిస్టఫర్ స్ట్రేచీ. ఆయన ముప్పదియైదేండ్లు నిండువరకు బడిపంతులు.

స్ట్రేచీ వంశము భారతదేశమునకు క్రొత్త కాదు. క్రిస్టఫరు తాత సర్ రిచర్డ్ స్ట్రేచీ బెంగాలు ఇంజనీర్ల దళమున పనిచేసి, కాలువల నిర్మాణమునందును ప్రజోపయోగ నిర్మాణముల శాఖయందును ఉన్నత పదవులు నిర్వహించెను. రాయలసీమవారు ధాత కరువని చెప్పుకొను 1876–78 నాటి మహాక్షామము దరిమిలా 1878లో ఏర్పడిన క్షామ కమిషనునకు ఆయనయే అధ్యక్షుడు. తాత తమ్ముడు సర్ జాన్ వైస్రాయి మండలిలో ఆర్థిక సభ్యుడు. ఆ కరువునాటి వైస్రాయియైన లిట్టన్ ప్రభువు పేరు పెట్టబడిన లిట్టన్ స్ట్రేచీ క్రిస్టఫరునకు పినతండ్రి. ఆంగ్ల వాఙ్మయమున జీవితచరిత్ర రచనను పొగడ్తల బరువునుండి తప్పించిన రచయిత ఆయనయే. తండ్రి ఆలివర్ కొంతకాలము ఈస్టిండియను రైల్వేలో ఉద్యోగము చేసి, పిమ్మట స్వదేశమునకు పోయి, రెండు ప్రపంచయుద్ధములలోను శత్రువుల రహస్యలిపులను ఛేదించు పనిలో నిమగ్నుడయ్యెను. తల్లి రే స్ట్రేచీ కేంబ్రిడ్జిలో గణితము చదివి, స్త్రీల ఓటుహక్కు ఉద్యమమున ప్రముఖ పాత్ర వహించి, ఆ ఉద్యమ చరిత్రను 1928లో గ్రంథముగా ప్రకటించిన విదుషీమణి.

ఇట్టి యింట క్రిస్టఫరు 1916 నవంబరు 16న లండనులోని హాంప్‌స్టెడ్ పేటయందు జన్మించెను. పెద్దల కీర్తి పిల్లలకు నీడయగునో బరువగునో చెప్పుట కష్టము. నార్‌ఫోకులోని గ్రెషమ్ పాఠశాలలో చదువునాడు బాలుని తెలివి అందరికిని తెలియుచుండెను గాని, ఆ తెలివి పరీక్షాపత్రములమీద నిలకడగా కానరాలేదు. 1935లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో గణితవిద్యార్థిగా చేరెను. ఆ సంవత్సరమే ఆ కళాశాల అలన్ ట్యూరింగును ఫెలోగా ఎన్నుకొన్నది. మరుసటి యేడు ట్యూరింగు ప్రిన్స్‌టనునకు పోయి, ఆలాంజో చర్చ్ అను తర్కశాస్త్రజ్ఞుని యొద్ద పరిశోధన సాగించెను. చర్చ్ ఆ దశాబ్దముననే ప్రమేయములు తప్ప వేరొండు వస్తువే లేని యొక గణితమును నిర్మించుచుండెను. దానిని లామ్డా కలనము అందురు. ముప్పదియేండ్ల తరువాత ఆ విద్యయే తనకు జీవనాధారము కానున్నదని అప్పటి కింగ్స్ విద్యార్థి యెరుగడు.

మూడవ సంవత్సరమున క్రిస్టఫరునకు మనోవ్యాధి కలిగి చదువు కుంటుపడెను. కోలుకొని తిరిగివచ్చి, గణితము వదలి ప్రకృతిశాస్త్రముల పరీక్షకు కూర్చుండి, 1939లో రెండవ తరగతిలో దిగువ శ్రేణియందు మాత్రమే ఉత్తీర్ణుడయ్యెను. పరిశోధకుడు కావలెనన్న ఆశ అంతటితో అడుగంటినది. అంతలో యుద్ధము వచ్చెను. ఒక టెలిఫోను పరికరముల కంపెనీలో చేరి, రేడారు నిర్మాణమునకు కావలసిన వాల్వులను గూర్చి లెక్కలు కట్టెను. ఆ లెక్కలు చేతితో తెమలునవి కావు. డిఫరెన్షియల్ ఎనలైజర్ అను యంత్రసహాయముతో చేయవలసివచ్చెను. యంత్రగణనముపై ఆయనకు మక్కువ కలిగినది అప్పుడే.

యుద్ధము ముగియగనే 1945లో కాంటర్బరీలోని సెంట్ ఎడ్మండ్స్ పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. 1949లో హారో పాఠశాలకు మారెను. మన జవహర్‌లాల్ నెహ్రూ బాల్యమున చదివిన బడి అది. పేరుగల బడియే గాని, ఉద్యోగము బడిపంతులదే. తాత కాలువలు త్రవ్వించెను, తండ్రి గూఢలిపులు ఛేదించెను, పినతండ్రి సాహిత్యమును మలుపు త్రిప్పెను. కుమారుడు సుద్దముక్క పట్టి బీజగణితము చెప్పుకొనుచు ముప్పదినాలుగవ యేట నుండెను. అంతటితో ఆగిపోయియున్నను అది నిందింపదగిన జీవితము కాదు. కాని ఆగలేదు.

1951 జనవరిలో ఒక మిత్రుని మూలమున జాతీయ భౌతిక ప్రయోగశాలలోని మైక్ వుడ్జరుతో పరిచయమై, ఒక పగలెల్ల పైలట్ ఏస్ అను క్రొత్త గణనయంత్రమును గూర్చి విను అవకాశము దొరికెను. ఇంటికి వచ్చినది మొదలు స్ట్రేచీకి నిద్ర లేదు. చదరంగపు పలకమీద బిళ్లలతో ఆడు డ్రాఫ్ట్స్ అను ఆటను యంత్రముచేత ఆడింపవలెనని బడి విరామవేళలలో ప్రోగ్రాము వ్రాయసాగెను. ‘ఆడించుట’ అను మాటను ఇచట పాఠకులు మరల గమనింపవచ్చును. ఆ యంత్రపు జ్ఞాపకశక్తి ఆ ప్రోగ్రామునకు చాలలేదు. మాంచెస్టరు విశ్వవిద్యాలయమున అంతకంటె పెద్ద జ్ఞాపకశక్తి గల యంత్రమున్నదనియు, దానికి ట్యూరింగే వాడుక పుస్తకము వ్రాసెననియు తెలిసి, పాతపరిచయమును పురస్కరించుకొని ఆ పుస్తకము తెప్పించుకొనెను. ట్యూరింగు వ్రాసిన ఆ పుస్తకము చదివి యర్థము చేసికొనుట సామాన్యులకు సాధ్యము కాదని ప్రతీతి.

కొంతకాలమునకు పంతులు మాంచెస్టరు చేరెను. ట్యూరింగు యంత్రమును ఎట్లు నడుపవలెనో గడగడ చెప్పి తన దారిని తాను పోయెను. స్ట్రేచీ రాత్రియంతయు ఒంటరిగా యంత్రము ముందు కూర్చుండెను. ఆయన తెచ్చిన ప్రోగ్రాము సుమారు వేయి ఆదేశములు గలది. అంత దీర్ఘమైనది ఆ యంత్రముపై అంతకు మున్నెవ్వరును నడుపలేదు. తెల్లవారుసరికి అది నడిచెను. నడిచి ఊరకుండక, చివరకు యంత్రమునకున్న కూత పరికరముచే ఆంగ్లేయుల జాతీయగీతమును పాడి ముగించెను. ఆ యేడు చివర బి.బి.సి. వారు ఆ యంత్రసంగీతమును ముద్రించుకొనిరి. 2016లో న్యూజిలాండు పరిశోధకులు ఆ ముద్రణను శుద్ధిచేసి లోకమునకు వినిపించిరి. ఒక్క రాత్రిలో స్ట్రేచీ పేరు దేశమందలి గణనయంత్ర నిపుణులందరి నోట పడెను. 1952 జూనులో పాఠశాల వదలి జాతీయ పరిశోధనాభివృద్ధి సంస్థలో ఉద్యోగమున చేరెను.

ఆ వేసవికి డ్రాఫ్ట్స్ ప్రోగ్రాము పూర్తి ఆట ఆడగలిగెను. ఆ 1952లోనే ఆయన మరియొక వింత చేసెను. యంత్రముచేత ప్రేమలేఖలు వ్రాయించెను. ప్రయోగశాల గోడమీద అతికింపబడిన ఆ లేఖల క్రింద మాంచెస్టరు విశ్వవిద్యాలయ కంప్యూటరు అని పొడి అక్షరములతో సంతకముండెడిది. అందలి కిటుకు మన బడిపిల్లలకు పరిచితమైనదే: ఖాళీలను పూరింపుము అను ప్రశ్న. వాక్యపు చట్రమొకటి ముందే యుండును; అందు విశేషణమునకొక ఖాళీ, నామవాచకమునకొక ఖాళీ, క్రియకొక ఖాళీ. యంత్రము తనకిచ్చిన పదముల పట్టికలనుండి యాదృచ్ఛికముగా ఏరి ఖాళీలను నింపును. ఆయన ఈ పనిని వినోదార్థమే చేసెను. కాని చట్రము వేరు, దానిలో పడునది వేరు అను వివేకము ఆయన తరువాతి కృషికంతటికిని మూలమని చెప్పిన తప్పు కాదు.

అదే యేడు శరత్తులో కెనడాలోని టొరాంటోకు పోయి, సెంట్ లారెన్సు నదిని ఓడలకు అనువుగా మార్చు బృహత్తర నిర్మాణమునకు కావలసిన జలమట్టపు గణనమును అచటి యంత్రముచే చేయించెను. తాత గంగా యమునల ప్రాంతమున కొలతబద్దలతో చేయించిన లెక్కలను మనుమడు విద్యుద్యంత్రముతో చేయించుట చూడ ముచ్చటైన సంగతి. తరువాత పెగాసస్ అను యంత్రపు రూపకల్పనలో తోడ్పడెను. 1959లో పారిస్ సమావేశమున ఒక యంత్రపు కాలమును పలువురు పనులకు పంచు పద్ధతిని గూర్చి వ్యాసము సమర్పించెను. ఈ యేడేండ్ల ఉద్యోగమును గూర్చి ఇంతకంటె విస్తరింప పనిలేదు. 1959లో దానికిని స్వస్తి చెప్పి స్వతంత్ర సలహాదారుగా ఇంటనుండియే పని ప్రారంభించెను. 1960లో పీటర్ లాండిన్ అను యువకుని సహాయకునిగా నియమించుకొని, తన సంపాదనలోనుండి జీతమిచ్చుచు, కంపెనీల పనికంటె యంత్రభాషల తత్త్వవిచారమునే ఎక్కువగా చేయనిచ్చెను. చర్చ్ నిర్మించిన లామ్డా కలనము యంత్రభాషల అర్థమును వివరించుటకు ఉపకరించునని ఆ యింట తేలినది.

ఇంచుమించు ఆ కాలముననే అమెరికాలో జాన్ మెకార్తీ ఆ కలనపు సంకేతమునే అరువు తెచ్చుకొని లిస్ప్ అను భాషను నిర్మించి, 1960లో దానిని ప్రకటించెను. అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరున 1937లో పుట్టిన రాజ్ రెడ్డి స్టాన్‌ఫర్డులో డాక్టరు పట్టము పొందినది ఈ మెకార్తీ శిష్యుడుగనే. 1994లో ట్యూరింగు పురస్కారము నందుకొన్న తెలుగువాడాయన. గురుశిష్య పరంపర ఎంత దూరమునుండి ఎంత దూరమునకు పోవునో!

ఇక విషయమునకు వత్తము. ఒక పంతులు దగ్గర మార్కుల పట్టిక కలదు: 12, 15, 18. ప్రతివానికి 5 మార్కులు కలుపవలెనని పై అధికారి ఉత్తరువు. పంతులు మొదటి అంకె తీసికొని 5 కలిపి వ్రాయును, రెండవదానికి పోవును, పట్టిక ముగియువరకు అట్లే చేయును. 17, 20, 23 వచ్చును. ప్రక్క గదిలోని పంతులు దగ్గరను అదే పట్టిక కలదు. ఆయన 50కి వేసిన మార్కులను 100కు మార్చుటకై ప్రతిదానిని రెట్టింపు చేయవలెను. ఆయనయు మొదటిది తీసికొని, రెట్టించి వ్రాసి, రెండవదానికి పోయి, చివరివరకు అట్లే చేయును. 24, 30, 36 వచ్చును. ఇద్దరు చేసిన పనిలోను ఒక్క మెట్టు తప్ప తక్కినదంతయు ఒక్కటే. అట్లయినచో తక్కినదానిని ఒక్కమారే వ్రాసి, ఆ ఒక్క మెట్టును ఖాళీగా విడువరాదా? ఆ ఖాళీలో పడవలసినది అంకె కాదు, పదము కాదు, ఒక పని. 5 కలుపుము అను ప్రమేయమును అందించిన మొదటి పంతులు పని జరుగును. రెట్టింపుము అను ప్రమేయమును అందించిన రెండవవాని పని జరుగును. పట్టికయందలి ప్రతి యంశమునకును అను ఆ చట్రమే ఉన్నతక్రమ ప్రమేయము. స్ట్రేచీ దీనిని తన ఉపన్యాసములలో మ్యాప్ అను పేరుతో ఉదాహరించెను. నేటి భాషలలోను ఆ పేరే వాడుకలో నున్నది.

ఇది ప్రమేయమును పుచ్చుకొను తీరు. ప్రమేయమును ఇచ్చు తీరు మరియొకటి. ఇంటర్మీడియేటు విద్యార్థి అవకలనము చేయునప్పుడు సైను ప్రమేయమును ఇచ్చి కొసైను ప్రమేయమును పుచ్చుకొనుచున్నాడు. అవకలనము అంకెనుండి అంకెకు పోవునది కాదు, ప్రమేయమునుండి ప్రమేయమునకు పోవునది. ప్రమేయమునకు ప్రదేశమని యొకటి యుండునని పాఠములో చదివినాము గదా! ఆ ప్రదేశమునందలి మూలకములు అంకెలే కావలెనన్న నియమమేదియు లేదు. ఇంతకంటె సులభమైన ఉదాహరణము ‘రెండుమారులు’ అనునది. దీనికి రెట్టింపుము అను ప్రమేయమునిచ్చిన రెండుమారులు రెట్టించు ప్రమేయము వచ్చును. దానికి 3ను ఇచ్చిన 12. వర్గము చేయుము అను ప్రమేయమునిచ్చినచో 3నుండి 9, 9నుండి 81. చమత్కారమేమనగా ‘రెండుమారులు’ అనుదానికి ‘రెండుమారులు’ అనుదానినే ఇచ్చినచో నాలుగుమారులు చేయు ప్రమేయము వచ్చును. దానిచే రెట్టింపబడిన 3 కాస్తా 48 యగును. తనకు తానే ఆహారమగు ఈ ప్రమేయమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. దీనివలననే తరువాత చిక్కు వచ్చినది.

కూడిక రెండంకెలను కోరునని మనమందుము. 5ను మాత్రమే ఇచ్చి ఊరకున్నచో ఏమగును? పని సగములో ఆగినదనుట ఒక దృష్టి. 5 కలుపు ప్రమేయము క్రొత్తగా పుట్టినదనుట మరియొక దృష్టి. ఈ రెండవ దృష్టిని తర్కశాస్త్రజ్ఞుడు హాస్కెల్ కరీ విరివిగా వాడెను గనుక స్ట్రేచీ ఆయన పేరు చెప్పెను. ఆ పద్ధతికి కరీయింగ్ అను వ్యవహారము స్థిరపడెను. నిజమునకు మోజెస్ షోన్‌ఫింకెల్ దానిని 1924లోనే ప్రకటించియుండెను. పేరు మొదట కనుగొన్నవానికే దక్కవలెనన్న ధర్మము శాస్త్రలోకమునను చెల్లుట అరుదు.

అయినచో యంత్రభాషలు ప్రమేయములను ఏల చిన్నచూపు చూచినవి? 1960నాటి ఆల్గాల్ భాషలో అంకెకు సర్వాధికారములు కలవు: దానిని చలరాశియందు నిలుపవచ్చును, మరియొక ప్రమేయమునకు అందింపవచ్చును, ఫలముగా పొందవచ్చును. ప్రమేయమునకు అందింపబడు అధికారము మాత్రము కలదు. చలరాశియందు నిలుచుటకుగాని ఫలముగా తిరిగివచ్చుటకుగాని వీలులేదు. పంక్తిభోజనములో కొందరికి పీట వేసి కొందరిని వాకిట నిలిపినట్లయ్యెను. స్ట్రేచీ అంకెను ప్రథమశ్రేణి పౌరుడనియు ప్రమేయమును ద్వితీయశ్రేణి పౌరుడనియు వర్ణించి, ఆ భేదము పోవలెనని వాదించెను. స్త్రీలకు పౌరసత్వపు హక్కులకై పోరాడిన తల్లి కడుపున పుట్టినవాడు ప్రమేయములకును పౌరసత్వపు ఉపమానమునే ఎన్నుకొనుట యాదృచ్ఛికమే కావచ్చును.

భాషానిర్మాతల పక్షమునను న్యాయము లేకపోలేదు. ప్రమేయము పని చేయునంతసేపు యంత్రము దానికి కొంత పలక ఇచ్చును. పని ముగియగనే ఆ పలకను తుడిచి మరియొకదానికి ఇచ్చును. 5 కలుపు ప్రమేయము పుట్టినదనుకొందము. పుట్టించిన కూడిక తన పని ముగించి పోయెను. అది పలకమీద వ్రాసికొన్న 5 తుడిచివేయబడెను. రేపు ఎవరో వచ్చి ఈ ప్రమేయమునకు 12ను ఇచ్చినచో అది దేనిని కలుపవలెను? కావున ఇల్లు విడిచి పోవు ప్రమేయమునకు తనకు కావలసిన విలువలను మూటగట్టి యీయవలెను, ఊరు పోవువానికి సద్దిమూట కట్టినట్లు. ఆదేశమును మూటను కలిపిన ఈ జంటకు లాండిన్ 1964లో క్లోజర్ అని పేరు పెట్టెను. మూట కట్టుటకు యంత్రపు జ్ఞాపకశక్తియందు చోటు కావలెను, ఎప్పుడు విప్పి పారవేయవలెనో తెలియవలెను. ఆనాటి యంత్రములకు అది భారమే.

1962లో స్ట్రేచీ కేంబ్రిడ్జి గణితప్రయోగశాలలో చేరి, డేవిడ్ బారన్, డేవిడ్ హార్ట్‌లీ మొదలగువారితోను లండను విశ్వవిద్యాలయపు మిత్రులతోను కలిసి సి.పి.ఎల్. అను భాషకు రూపకల్పన చేయసాగెను. ప్రమేయములకు పీట వేయునట్టి భాష అది. ఆశయము పెద్దది, యంత్రము చిన్నది, పనివారు కొలదిమంది. పైగా స్ట్రేచీ ఒక చిన్న చిక్కు మిగిలియుండగా ముందునకు అడుగు వేయని మనిషి. ఏండ్లు గడచినను సి.పి.ఎల్. పూర్తిగా యంత్రము కెక్కలేదు. ఆ బృందములోని మార్టిన్ రిచర్డ్స్ దానిని కుదించి 1967లో బి.సి.పి.ఎల్. అను చిన్న భాష చేసెను. దానినుండి అమెరికాలో కెన్ థామ్సన్ బి అను భాషను, దానినుండి డెనిస్ రిచీ 1970ల తొలినాళ్లలో సి అను భాషను నిర్మించిరి. మన ఇంజనీరింగు విద్యార్థులు వేలకొలది నేర్చిన సి భాషకు స్ట్రేచీ ఈ విధముగా తాత వరుస. కాని కుదింపులో మొదట జారిపోయినది ఆ సద్దిమూటయే! సి భాషలో ప్రమేయపు చిరునామాను అందింపవచ్చును గాని, 5 కలుపు ప్రమేయమును అప్పటికప్పుడు పుట్టింప వీలులేదు. తాను పీట వేయదలచినవాడు తన మనుమల పంక్తిలోనే వాకిట నిలిచెను.

1965లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ప్రోగ్రామింగ్ పరిశోధన బృందము ఏర్పడగా స్ట్రేచీ దానికి ప్రథమ నిర్వాహకుడయ్యెను. దిగువ శ్రేణి పట్టముతో కేంబ్రిడ్జి విడిచిన విద్యార్థికి ఏబదికి చేరువైన వయసున విశ్వవిద్యాలయపు ద్వారములు తెరచుకొన్నవి. 1967 ఆగస్టులో కోపెన్‌హేగన్ నగరమున జరిగిన వేసవి పాఠశాలలో ఆయన యంత్రభాషల మూలభావములను గూర్చి ఉపన్యాసములిచ్చెను. హారో తరగతి గదిలో నేర్చిన విద్య ఇచట అక్కరకు వచ్చినదని ఊహింపవచ్చును. అతి క్లిష్టమైన విషయమును అతి సామాన్యమైన ఉదాహరణతో మొదలిడు అలవాటు ఆ ఉపన్యాసములందంతటను కానవచ్చును. ప్రథమశ్రేణి, ద్వితీయశ్రేణి విభాగమును, ఒకే ప్రమేయము పలువిధములైన వస్తువులపై పనిచేయుటలోని భేదములును అందు నిర్వచింపబడినవి. ఉపన్యాసములను గ్రంథముగా ప్రకటింతురను మాట యుండెను. గ్రంథము వెలువడలేదు. సాపు చేసిన ప్రతి చేతులు మారుచు, నకళ్లమీద నకళ్లుగా దేశదేశములు తిరిగెను.

ఇంతలో పునాదికే ప్రమాదము వచ్చెను. 1969 శరత్తులో డేనా స్కాట్ అను అమెరికను తర్కశాస్త్రజ్ఞుడు ఆక్స్‌ఫర్డునకు వచ్చెను. ఆయన చర్చ్ శిష్యుడు. స్ట్రేచీ లామ్డా కలనముతో యంత్రభాషలకు అర్థము చెప్పుట చూచి, ఆ కలనమునకే అర్థమేమని నిలదీసెను. ప్రశ్న తేలికది కాదు. తనకు తానే ఆహారమగు ప్రమేయమును జ్ఞాపకము తెచ్చుకొందము. అట్టివి ఉండవలెనన్న, వస్తువుల సముదాయమును, ఆ వస్తువులపై పనిచేయు ప్రమేయముల సముదాయమును ఒక్కటే కావలెను. కాని ఒకటికి మించి మూలకములున్న సముదాయముపై గల ప్రమేయములు ఆ సముదాయపు మూలకములకంటె ఎల్లప్పుడు అధికములని కాంటర్ 19వ శతాబ్దిలోనే చూపెను. మూడు వస్తువులున్నచో వానిపై ప్రమేయములు 27. పాత్ర తనకంటె పెద్దదానిని తనలో ఇముడ్చుకొనుట ఎట్లు? స్ట్రేచీ పదియేండ్ల కృషి గాలిలో కట్టిన మేడయేమో యను సందేహము కలిగెను. ఆ కలనమును విడువుమని స్కాట్ వాదించెను, స్ట్రేచీ విడువలేదు.

ఆ పట్టుదలను ఛేదింపబోయి స్కాటే దారి కనుగొనెను. గణితశాస్త్రమున ఊహింపదగు ప్రమేయములన్నియు యంత్రమునకు అక్కరలేదు. యంత్రము చేయగల ప్రమేయమునకొక స్వభావము కలదు: కొంచెము సమాచారమిచ్చిన కొంచెము ఫలమిచ్చును; సమాచారము పెరిగినకొలది ఫలము పెరుగునే గాని, ముందిచ్చినదానిని వెనుకకు తీసికొనదు. అట్టి ప్రమేయములను మాత్రమే పరిగణించినచో పాత్రయు అందలి వస్తువును సరిపోవునట్లు ఒక సముదాయమును నిర్మింపవచ్చునని స్కాట్ ఆ నవంబరులోనే నిరూపించెను. అది సాధ్యము కాదని వాదించినవాడే సాధ్యమని నిరూపించుట శాస్త్రచరిత్రలో తరుచుగా కనబడు దృశ్యము కాదు. ఇద్దరును కలిసి స్థాపించిన ఆ అర్థవిచార పద్ధతిని డినోటేషనల్ సెమాంటిక్స్ అందురు; స్కాట్–స్ట్రేచీ పద్ధతియనియు వాడుక కలదు.

1971లో ఆక్స్‌ఫర్డువారు స్ట్రేచీని ఆచార్యునిగా నియమించిరి. ఆ విశ్వవిద్యాలయమున గణనశాస్త్రమునకు ఆయనయే తొలి ఆచార్యుడు. వ్రాసినది సరిగా లేదని చించి మరల వ్రాయు అలవాటుచేత ఆయన ముద్రిత రచనలు కొలదియే. శిష్యులకు చెప్పిన మాటలు అనేకము. కడపట రాబర్ట్ మిల్న్ అను శిష్యునితో కలిసి కేంబ్రిడ్జివారి ఆడమ్స్ బహుమానమునకు ఒక బృహద్వ్యాసమును సిద్ధపరచెను. ఆ శ్రమ ముగిసిన కొద్దికాలమునకే కామెర్లు సోకెను. కోలుకొన్నట్లే కనబడి, మరల తిరుగబెట్టి, 1975 మే 18న ఏబదియెనిమిదవ యేట మరణించెను. మిల్న్ ఆ వ్యాసమును పెంచి 1976లో ఇద్దరి పేర గ్రంథముగా ప్రకటించెను.

కాలక్రమమున యంత్రముల జ్ఞాపకశక్తి పెరిగి, మూట కట్టుట భారము కాకపోయెను. స్కీమ్, ఎం.ఎల్., హాస్కెల్ మొదలగు భాషలు ప్రమేయములకు ప్రథమశ్రేణి నిచ్చినవి. నేడు బడిపిల్లలు నేర్చు పైథాన్ భాషలో 5 కలుపు ప్రమేయమును రెండు మూడు పంక్తులలో పుట్టింపవచ్చును. కోపెన్‌హేగన్ ఉపన్యాసములు మాత్రము ఆయన పోయిన తరువాతను నకళ్లగానే తిరుగుచుండెను. చెప్పిన ముప్పదిమూడేండ్లకు, 2000వ సంవత్సరమున, స్ట్రేచీ స్మారకార్థము వెలువడిన సంచికలో ఒక శాస్త్రపత్రిక వానిని తొలిసారి అచ్చువేసెను. ఆ పత్రిక పేరు హయ్యర్ ఆర్డర్ అండ్ సింబాలిక్ కంప్యుటేషన్.